పేరు పండగనాడు వచ్చినవాడు

"ఆరు పూలా? ఇంట్లో శవం ఉందనుకున్నావా?"

గుమ్మంలో ఓటీలియా కేక.

వచ్చినవాడు చేతిలో పూలు చూసుకున్నాడు. సరిసంఖ్య చచ్చినవాళ్ళకి, బేసి బతికున్నవాళ్ళకి. లాత్వియాలోని ఈ లియెపాయా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"తప్పయింది తల్లీ. ఇన్నేళ్ళూ సమాధుల మీదే పెట్టాను. చేతికి అదే అలవాటయింది."

ఒక పువ్వు లాగి జేబులో పెట్టుకున్నాడు. ఐదు ఇచ్చాడు.

ఆ రోజు ఆమె మొగుడు ఎడ్గార్స్ పేరు పండగ, అంటే క్యాలెండరులో ఆ పేరుకి రాసిపెట్టిన రోజు. పేరు పండగకి పిలుపులుండవు. తలుపు తీసి ఉంటుంది. వచ్చినవాణ్ణి పొమ్మనకూడదు.

అందుకని బల్ల చివర కూర్చోబెట్టింది.

ముక్కు వంకర. పై పళ్ళు లేవు. పందిమాంసం కూరిన బన్నులు నాలుగు తిన్నాడు. ఐదోది జేబులో వేసుకున్నాడు.

"పాపం, జేబుక్కూడా ఆకలేస్తోంది," అన్నాడు ట్రాము నడిపే ఇంద్రికిస్.

బల్లంతా నవ్వింది.

ఎడ్గార్స్ ఒకప్పటి గోల్‌కీపరు. యుద్ధానికి ముందు, సోవియట్ వాళ్ళు కలిపేసుకోక దేశం దేశంగా ఉన్నప్పుడు, లాత్వియా టీములో ఆడినవాడు. రెండో గ్లాసు బీరుకి కథ మొదలెట్టాడు.

"ఎస్తోనియా వాళ్ళతో ఆట. వాన. ఆఖరి నిమిషం. మా సెంటర్ ఫార్వర్డ్ ఎడంకాలితో ఒక్కటిచ్చాడూ..."

"తలతో," అన్నాడు చివర కూర్చున్నవాడు. "ఎడం బూటు బురదలో ఉండిపోయింది."

"నువ్వు చూశావా ఏం?" అన్నాడు ఎడ్గార్స్.

"అక్కడే ఉన్నాను."

"అందరూ అక్కడే ఉన్నామంటారు. పదివేలు పట్టే చోట లక్షమంది చూశారు మరి!"

మళ్ళీ నవ్వులు. అతను నవ్వలేదు. ఎడ్గార్స్ ముఖంలోకే చూస్తున్నాడు. ఎడ్గార్స్ మీసం మీద నురగ తుడుచుకున్నాడు.

వచ్చినవాడు మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"సంతకం కావాలి. నేనెవరో తెలుసని ఈ ఊరివాడొకడు రాయాలి. లేకపోతే ఐదింటి రైలుకి ఊరు వదలమన్నారు పోలీసులు."

ఎక్కడి నుంచి వచ్చాడో అర్థమైపోయింది అందరికీ. సైబీరియా ఖైదు శిబిరాల నుంచి.

"పేరేంటి?" అన్నాడు ఎడ్గార్స్.

"ముఖం చూసి నువ్వే చెప్పు. నేను చెప్తే నువ్వు రాసేది సాక్ష్యమా?"

ఎడ్గార్స్ ఆ కాగితం చేత్తో ముట్టుకోలేదు. ఫోర్కు కొసతో నెట్టేశాడు.

"నువ్వెవరో నాకు తెలీదు."

"ఇంకోసారి చూడు."

"తెలీదన్నానుగా! పండగపూట ఇలాంటివి నా బల్ల మీద పెట్టకు."

"తిన్నావుగా, ఇంక నడు," అంది ఓటీలియా. అతని టోపీ తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

పొమ్మనకూడని రోజున పొమ్మంది.

పదిమంది ఉన్నారక్కడ. ఒక్కడూ నోరెత్తలేదు. సంతకానికెంత సేపు? గ్లాసులో నురగ దిగినంత సేపు కూడా పట్టదు. ఆ మనిషి అడిగింది బన్నులు కాదు, పుట్టిన ఊళ్ళో ఉండనివ్వమని.

టోపీ పెట్టుకున్నాడు. కాగితం బల్ల మీదే వదిలి, అందరికీ తల వంచి వెళ్ళిపోయాడు.

ఐదవుతుండగా ఓటీలియా బల్ల తుడిచింది. పొయ్యిలో వేద్దామని ఆ కాగితం తీసి, విప్పి చదివింది.

"ఏమయ్యా, ఈ క్రిష్యానిస్ జెనిస్ ఎవడు?"

ఎడ్గార్స్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కోటు లేదు, టోపీ లేదు. చెడిపోయిన మోకాలితో వీధంతా పరుగెత్తాడు.

అరగంటకి తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. రైలు వెళ్ళిపోయింది.

లోపల ఇంద్రికిస్ ఇంకా తింటున్నాడు. ఓటీలియా వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరతను?"

ఎడ్గార్స్ ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు:

"మా సెంటర్ ఫార్వర్డ్. యుద్ధం అయ్యాక మా పాత దేశం జెండా ఇద్దరం కలిసి దాచాం, పట్టుబడింది వాడొక్కడే, రెండోవాడి పేరు వాడు చెప్పలేదు, అందుకే పన్నెండేళ్ళుగా నేనిక్కడ పేరు పండగ చేసుకుంటున్నాను."