చెక్క సాక్ష్యం

"వంకీ మాత్రం తియ్యకమ్మా. అది ఊడితే మంచం తలుపు తెరుచుకుంటుంది. పాప మళ్ళీ పడుతుంది."

తల్లికి ఆమె ఈ మాట చెప్పడం మూడోసారి. పాప కటకటాల మంచంలో నిద్రపోతోంది. గడియ విరిగి, ఒకసారి కింద పడి, నుదురు బొప్పి కట్టింది. అప్పటి నుంచీ గడియ బదులు ఒక మెలికల ఇనప వంకీ దూర్చి పెట్టింది ఆమె.

"తియ్యనులేవే. మీ ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా మేకో, తీగ ముక్కో తగులుతుంది. అల్లుడిగారి చెక్క కార్ల పిచ్చి ఇన్నాళ్ళకి ఒక్క పనికొచ్చింది" అంది తల్లి. నవ్వించాలనే అంది.

ఆమెకు నవ్వు రాలేదు. అట్టపెట్టెలో పాప పాత దుప్పటి పరిచి, దాని మీద చెక్క కారును మెల్లగా పెట్టింది. మూరెడు కూడా లేని రేసు కారు. ఒళ్ళంతా టేకు. సీట్లో బొటనవేలంత డ్రైవరు. "నా బొజ్జ కాస్త తగ్గించి చెక్కమను వదినా" అని అసలు కారు నడిపే అతను ఇంటికొచ్చి మరీ బతిమాలుకున్నాడు.

ఆ మనిషి పదకొండు రోజులుగా ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు.

రేసులో మంచి వేగం మీద ఉండగా కారు ముందు చక్రం ఊడిపోయింది. కారు వెళ్ళి గోడను కొట్టింది. చక్రం జారకుండా పట్టి ఉంచే లాక్ పిన్ను లేదన్నారు. దాన్ని పెట్టాల్సిన మెకానిక్ ఆమె భర్త. ఈ సాయంత్రంతో విచారణ ముగుస్తుంది. తప్పు అతనిదే అని తేలితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. జైలే.

"పెట్టాననే అనుకుంటున్నా" అంటాడు అతను. అంతకు మించి పెదవి విప్పడు. 'పెట్టాను' అని ఒక్క మాట గట్టిగా అనమని కాళ్ళావేళ్ళా పడింది. అనలేదు.

బస్సు కుదుపుకి పెట్టెను కడుపుకి హత్తుకుంది. ఇంకొకరైతే ఏదో బొమ్మ అనుకుంటారు. అతని పద్ధతి ఆమెకు తెలుసు. తను పనిచేసే ప్రతి కారునూ చెక్కుతాడు. అసలు కారుకి గీత పడితే ఇక్కడా గీత పడాల్సిందే. పూర్తయ్యాక అడుగున తేదీ కాల్చి రాస్తాడు. మళ్ళీ ముట్టడు. ఈ కారు అడుగున ఉన్నది రేసుకి ముందు రోజు తేదీ. చక్రాలకి నాలుగు పిన్నులూ ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెక్కే మనిషి. ఇంతకన్నా రుజువేం కావాలి?

విచారణ గది బయట బల్ల మీద అతను తల వంచుకుని కూర్చున్నాడు. పెట్టెను చూడగానే దిగ్గున లేచాడు.

"దీన్నెందుకు తెచ్చావే?" ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తీసుకెళ్ళిపో. నీకు దండం పెడతా."

"మీరెలాగూ నోరు విప్పరు. దీన్నైనా మాట్లాడనివ్వండి."

చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

విచారణాధికారి కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "ఏంటమ్మా, బొమ్మ తెచ్చావు?"

"బొమ్మ కాదండీ. సాక్ష్యం."

ఆయన నవ్వబోయి, కారు కేసి చూసి ఆగిపోయాడు. సొరుగులోంచి భూతద్దం తీశాడు. చీపురు పుల్లకన్నా సన్నటి స్టీరింగు కడ్డీ చూశాడు. తలుపు మీద చిన్న సొట్ట చూశాడు. అసలు కారు ఫొటోలు ముందేసుకుని సరిపోల్చుకున్నాడు. ఒక్కో చక్రం తిప్పి పిన్నులు లెక్కపెట్టాడు. నాలుగు. తలకిందులు చేసి తేదీ చదివాడు.

"రేసుకి ముందు రోజుదే" అన్నాడు. ఆయన గొంతు కాస్త మెత్తబడింది. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆమెకు పదకొండు రోజుల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది.

"కానీ ఇవి ఊహించి చెక్కి ఉండొచ్చుగా?" అన్నాడు అధికారి.

"ఊహా?" ఆమెకు పౌరుషం ముంచుకొచ్చింది. "అసలు ముక్క ఎదురుగా పెట్టుకోందే ఆయన చేతిలో ఉలి కదలదండీ. ఈ అద్దం చెక్కడానికి కారు అద్దమే విప్పి ఇంటికి తెచ్చుకున్నారు. స్టీరింగు రెండు రోజులు మా వంటింటి అలమరలోనే ఉంది. పోపుల డబ్బా పెట్టుకోడానికి చోటు లేక నేను గొడవపడ్డాను కూడా. పని అయిపోగానే తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ బిగించేస్తారు. ఊహించి చెయ్యడం ఆయన ఒంట్లోనే లేదు."

అధికారి కలం ఆగిపోయింది.

"అయితే ఈ పిన్ను కూడా ఇంటికి తెచ్చుకున్నాడా?"

"పిన్నా? లేదండీ. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

"సరిగ్గా చూసి చెప్పమ్మా."

భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఆమె కారు మీదికి వంగింది. ఇంతకాలం ఆమెకు అదొక నలకంత పుల్ల. అద్దం కింద పెద్దదై కనిపించింది. ఒక కాలు తిన్నగా ఉంది. రెండోది పాములా మెలికలు తిరిగి ఉంది. తల దగ్గర చిన్న చుట్ట.

ఆమె భూతద్దం బల్ల మీద పెట్టేసింది.

రేసు రోజు పొద్దున అతను ఫోన్ చేశాడు. నిన్నటి చొక్కా జేబులో ఏమైనా ఉందా చూడమన్నాడు. తీగ మీద ఆరుతున్న చొక్కాను తడిమి, ఏమీ లేదండీ, ఖాళీ అని చెప్పింది. "హమ్మయ్య, అయితే పెట్టేశానన్నమాట" అన్నాడు. ఏం పెట్టారని ఆమె అడగలేదు. ఆమె చెప్పింది అబద్ధం కాదు.

ముందు రోజు సాయంత్రం అదే చొక్కా నానబెట్టిన బకెట్టు అడుగున దొరికిన ఇనప వంకీ, ఈ క్షణంలో కూడా, పాప కింద పడకుండా మంచం తలుపును పట్టుకుని ఉంది.