దొర వేషం

“ఇంకోసారి చెప్తున్న, ఇనున్రి. జర్రసేపట్ల దొర వేషగాడొస్తడు. చెప్పులిడిచి లేవున్రి అంటడు. ఎవ్వరు లేవొద్దు. జవాబు మీరే చెప్పాలె. గదే ఆట!”

వికారాబాద్ బడిపంతులు మత్తయ్య గొంతు అప్పటికే బొంగురుపోయింది. కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చి నాలుగు నెలలైంది. అందులో ఏముందో చదువురాని జనానికి ఆడి చూపించాలని ఆయన పైసా తీసుకోకుండా ఊరూరా తిరుగుతున్నాడు. కుల్కచర్ల వైపు మూడూళ్లలో ఆడితే మూడూళ్లలోనూ ఒకటే తంతు. వేషమని తెలిసి కూడా, దొర అడుగుపెట్టగానే జనం చెప్పులు చేతబట్టుకుని లేచి నిలబడ్డారు. అలవాటు అలాంటిది మరి. తాండూరు దగ్గరి ఈ ఊళ్లోనూ ఎవరికీ నోరు పెగలకపోతే ఆటకో దండం పెట్టి బడికి పోతానని మత్తయ్య ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ ఊరి దొర పట్నంలోనే ఉంటాడు; ఆయన ముఖం చూసినవాళ్లు ఊళ్లో దాదాపు లేరు. పెత్తనమంతా గుమాస్తాదే. అయినా దొర మాటెత్తితే చాలు, జనం గొంతు తగ్గిస్తారు.

“నవ్వులాటకైనా దొరకు ఎదురు చెప్తమా సారూ? నాకైతే నోరు రాదు,” అన్నాడు ఎల్లప్ప.

“నాకొస్తది తియ్,” అంది పక్కనే కూర్చున్న ముసలి శాంతవ్వ.

పొద్దు వాలుతుండగా దొర వచ్చాడు. తెల్ల షేర్వానీ, వెండి పొన్ను కర్ర.

“మస్తు కట్టిండు వేషం!” అన్నారు వెనక నుంచి.

“నా జాగల గీ తమాషా ఏంది? చెప్పులిడిచి లేవున్రి!”

ఎల్లప్ప సగం లేచాడు. శాంతవ్వ అతని పంచె పట్టి గుంజి కూర్చోబెట్టింది.

“ఎందుకు లేస్తవ్? కూసో.”

“ఎవతివే నువ్వు?” అన్నాడు దొర.

“మాదిగ శాంతవ్వను. రాసుకో. ఎట్టిచాకిరి బందైంది దొరా, కొత్త చట్టమొచ్చింది. రేపటి సంది నీ వాకిలి నువ్వే ఊడ్సుకో!”

జనం గొల్లున నవ్వారు. మత్తయ్య పరుగున వచ్చి, “అవ్వా, సాలు. నీ కాల్మొక్త, కూసో,” అని బతిమాలాడు. పంతులు కూడా మంచి నటుడేనని అందరూ మెచ్చుకున్నారు. ఎల్లప్పకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“మేం లేవం!” అని అరిచాడు.

“లేవం! లేవం!” అంది ఊరంతా.

దొర ముఖం కందిపోయింది. కర్ర నేలకేసి కొట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. వెనక ఒకటే చప్పట్లు, ఈలలు. ఆ ఊరు అంత కడుపారా నవ్వగా ఎవరూ చూసి ఉండరు.

మత్తయ్య ఒక్కడే నవ్వలేదు.

“దొర వేషమేసే బీరప్ప ఇంకా రానేలేదు. రైలు తప్పినట్టుండు,” అన్నాడు మెల్లగా. “గిప్పుడొచ్చింది మీ దొరనే. గుమాస్తా వంగి దండం పెడుతుంటె నేను జూసిన.”

చప్పట్లు ఆగిపోయాయి. ఎల్లప్ప చేయి దానంతటదే చెప్పుల మీదికి పోయింది. ఎరక్కపోయి ఎంత పని చేసింది ముసలిది అని అందరూ శాంతవ్వను జాలిగా చూశారు.

శాంతవ్వ కొంగు దులుపుకుని లేచింది.

“పట్నంల గాయనింట్ల పదేండ్లు ఎట్టి చేసిన, గుర్తువట్టనా?”