మంచు కింద చదును

ఒటీలియా సంచిలో నాన్నని సర్దింది.

రై రొట్టె, జున్ను, రెండు స్వెటర్లు. వాటి నడుమ చెక్కపెట్టెలో, బూడిదగా, నాన్న.

"కుదుపు తగలనీకురా," అంది తమ్ముడితో.

"కొండ మీంచి దొర్లినా తిట్టుకుంటూ లేచొచ్చిన మనిషి. ఇప్పుడేమవుతాడే అక్కా!" అంటూ ఆంబ్రోస్ సంచి భుజానికెత్తుకున్నాడు.

తొలి ఎండ మంచునది మీద పడే వేళ తనని అక్కడ కలపమన్నాడు నాన్న. అందుకే ఆ రాత్రికి అక్కడే మకాం.

మధ్యాహ్నానికి మంచునది కిందున్న చదునుకి చేరి గుడారం వేశారు. ఒటీలియా పెట్టె తీసి రాతి మీద పెట్టింది.

రాళ్లగట్టు మీంచి ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చాడు. మాసిన గడ్డం, చిరిగిన కోటు.

"ఇక్కడొద్దు. పైన మంచు కదులుతోంది. గట్టెక్కండి."

"ఏ ఊరు నీది?" అన్నాడు ఆంబ్రోస్.

"జూరిక్."

"అదీ సంగతి! కింది ఊళ్లవాళ్లకి ఆవు తుమ్మినా కొండ కూలినట్టే. మా తాత ఇక్కడే పడుకునేవాడు. వాళ్ల తాతా ఇక్కడే."

"అప్పుడు మంచు ఇలా వేలాడలేదు," అని ఆ మనిషి గుడారం మేకులు పీకడం మొదలెట్టాడు.

ఆంబ్రోస్ అతని కోటు పట్టి ఈడ్చి కిందికి తోశాడు.

లేస్తుంటే అతని చూపు పెట్టె మీద పడింది.

"ఏమిటది?"

"మా నాన్న," అంది ఒటీలియా. "మోరిట్స్ టన్నాస్ట్. ఈ కొండల్లో ఎందరికో దారి చూపినవాడు. ఆయన్ని ఇక్కడ కలిపేదాకా కదలం."

ఆ పేరు వినగానే అతని మొహం బిగుసుకుపోయింది. పెట్టెకేసి చాలాసేపు చూశాడు.

తర్వాత కత్తి తీసి గుడారం తాళ్లు తెగ్గోశాడు.

ఆంబ్రోస్ మేకులు కొట్టే సుత్తితో మోదాడు. కనుబొమ చీలింది. రక్తం కారుతున్న కన్ను మూసుకునే అతను పెట్టె లాక్కుని, గట్టు మీదికి పరుగు తీశాడు.

"నాన్నా!" ఒటీలియా కేక పెట్టింది. "వాణ్ణి వదలకురా!"

ఇద్దరూ వెంటపడ్డారు. ఆమె విసిరిన రాయి అతని తల వెనక తగిలింది. పడ్డాడు. పడి, పాకాడు. గట్టు పైన దొరికాడు.

ఆంబ్రోస్ పిడికిళ్లతో కుమ్మాడు. పళ్లు రాలాయి. పెట్టె మాత్రం వదల్లేదు. ఒటీలియా అతని వేళ్లు ఒక్కొక్కటే విరిచి గుంజుకుంది.

"ఫో, శవాల దొంగా!"

ఆంబ్రోస్ తన్నిన తన్నుకి ఆ మనిషి దొర్లుకుంటూ చదును దాకా పోయాడు.

అక్కడ మోచేతుల మీద లేచాడు. "ఇంకా పైకి! ఆగకండి!" అని అరిచాడు.

పైన తుపాకీ పేలినట్టయింది.

మంచుగోడ విరిగిపడింది. ఆ గాలికి అక్కా తమ్ముడూ వెల్లకిలా పడ్డారు. లేచి చూస్తే చదును లేదు. గుడారం లేదు. మనిషి లేడు.

సాయంత్రం కొండసత్రం ఆవిడ వాళ్లకి దుప్పట్లు కప్పింది.

"ఊర్స్ ఏడీ?" అంది. "పొద్దున ఇక్కడే సూప్ తాగి వెళ్లాడు. గుడారాలు కోస్తాడని అందరూ తిడతారు, పాపం. మీ నాన్నకి బాగా తెలుసు ఆయన."

"మా నాన్నకా?" అంది ఒటీలియా.

మూడేళ్ల కిందట అవతలి లోయలో, మోరిట్స్ టన్నాస్ట్ భయం లేదని చూపించిన చోట గుడారం వేసుకుని, భార్యనీ కూతుర్నీ మంచు కింద పోగొట్టుకున్న ఊర్స్ లూటోల్డ్, ఆగస్టు తొమ్మిది, శుక్రవారం నాడు కొండకి వెళ్లి తిరిగి రాలేదు.