తమ్ముడి జైలు ఖాతా

"ఆ ఖాతాలో ఎంత వేసినా మీ తమ్ముడి నోటికి అందదన్నా," అన్నాడు, ఆ ఉదయమే జైలు నుంచి విడుదలై నేరుగా పైపుల షాపు గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మనిషి.

ఫోన్లో తమ్ముడికి డబ్బు వేయబోతున్న షాపు యజమాని వేలు ఆగిపోయింది.

"మొన్న చూడ్డానికెళ్తే వాడూ పంపొద్దనే అన్నాడు. చిక్కి సగమైనా రోషం తగ్గలేదనుకుని, రెట్టింపు పంపాను. క్యాంటీన్లో సబ్బో రొట్టో కొనుక్కుంటాడుగా."

"కొంటాడు. కొన్నవన్నీ మా గదిలో పెత్తనం చేసే పెద్దన్న ముందు పెడతాడు. మీరు రెట్టింపు చేశాక, వెనకాల గట్టి పార్టీ ఉందని తెలిసిపోయింది. ఇంకా తెప్పించమని రోజూ కొడుతున్నారు."

"పంపడం ఆపేస్తే?"

"ఆపారని కొడతారు."

"జైలరుకి చెప్తాను."

"చెప్పండి. సాయంత్రం తాళం వేసుకుని ఆయన ఇంటికెళ్తాడు. మీ తమ్ముడు లోపలే ఉంటాడు."

యజమాని ఫోను బల్ల మీద బోర్లించాడు. "ఎంతిస్తే వాణ్ణి ముట్టుకోరు?"

వచ్చిన మనిషి చెప్పులు విడిచి లోపలికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అది మాట్లాడమనే నన్ను పంపారన్నా."

సరుకు అవతలివాడి గోదాములో ఉన్నప్పుడు బేరం నిలవదని యజమానికి తెలుసు. అయినా గొంతు సవరించుకుని, "చెప్పు," అన్నాడు.