ఇంటి కాపీ

“ఆ రెండు తీసి ఒకటి వేసెయ్ అమ్మాయ్, ఓ పనైపోతుంది,” అంది అత్తగారు, తడిచేతులు తుడుచుకుంటూ.

“ఇప్పుడేం తొందర అత్తయ్యా!” కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అంది కోడలు.

తొందర లేకేం? వచ్చేవారమే పెళ్ళి. కొడుకు పోయినప్పుడు పుట్టింటికి పొమ్మంటే, “మీ వంట వదిలి ఎక్కడికి పోతాను?” అని ఇక్కడే ఉండిపోయిన పిల్ల ఇది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని పోరు పెట్టింది అత్తగారే. పుస్తకాలు బైండింగ్ చేసే అతన్ని చూసి, “బంగారంలాంటి మనిషి, నోట్లో నాలుక లేదు” అని మెచ్చుకున్నదీ ఆవిడే. తీరా కోడలు సరేననేసరికి ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఈ ఇంట్లో ఒంటరిగా ఎలా ఉండడం? ఆ మాట మాత్రం పైకి అనలేదు.

హాస్టల్లో జీవితమంతా వండిన ఆవిడ వంటల్ని కోడలు కంప్యూటర్లో లావుపాటి పుస్తకంగా కూర్చింది. అందులో ఓ చమత్కారం చేసింది. పుస్తకం మొదట్లో ‘తినేవాళ్ళు’ అని ఒకే ఒక్క అంకె. బియ్యం, నీళ్ళు, ఉప్పు, అన్ని పేజీల్లో ప్రతి కొలతా ఆ అంకెను చూసుకుని తనంతట తనే మారిపోతుంది. హాస్టల్ కాపీకి మూడొందలు. ఇంటి కాపీకి రెండు.

“వెతికి వెతికి దిద్దక్కర్లేదు అత్తయ్యా. ఇక్కడ మారిస్తే అంతటా మారుతుంది,” అని ఆవిడకీ నేర్పింది.

“మనసుక్కూడా ఇలాంటిదొకటి పెట్టవే, పుణ్యముంటుంది,” అని అత్తగారు నవ్వేసింది.

అంతలో బైండరు వచ్చాడు, చేతిలో కొలత టేపుతో.

“ఇంటి కాపీ అచ్చుకిచ్చేస్తే అట్ట వేసేస్తాను,” అన్నాడు కోడలితో. తర్వాత అత్తగారి వైపు తిరిగి నసిగాడు. “అమ్మా, మీ మెట్ల మలుపులో బీరువా పడుతుందంటారా?”

కోడలి గది మేడ మీదే. బీరువా కూడా దించుకుపోతారన్నమాట. అయినా ఆవిడ ఊరుకుంటుందా?

“ఎక్కించేటప్పుడు పట్టింది, దించేటప్పుడు పట్టదా బాబూ? అది సరే, దుకాణం వెనక నీది ఒక్క గదాయె. బీరువా పెడితే మీరెక్కడ పడుకుంటారు, దాని మీదా?”

అతను బిక్కమొహం వేసి కోడలి వంక చూశాడు. కోడలు చటుక్కున తెర వైపు తిరిగిపోయింది. అతను మెట్లు కొలుచుకున్నాడు. తర్వాత ఇద్దరూ పెళ్ళి బట్టలకని బయల్దేరారు.

“వచ్చాక మీతో ఓ మాట చెప్పాలి అత్తయ్యా,” అంది కోడలు చెప్పులు వేసుకుంటూ.

“చెబుదువుగానిలే, వెళ్ళిరా.”

ఏం చెబుతుందో తెలియదా ఏం! ‘జాగ్రత్త, వేళకి తినండి’ అంటుంది. అని తనే బావురుమంటుంది. పాపం, ఆ అంకె మార్చడానికి చేతులు రావడం లేదు పిచ్చిదానికి. ఆ కష్టమేదో తనే పడితే పోలా?

ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. కోడలు నేర్పినట్టే ఇంటి కాపీ తెరిచి, మొదటి పేజీకి వెళ్ళింది. రెండు తీసేసి ఒకటి కొట్టాలి, అంతే.

అక్కడ రెండు లేదు.

ఆవిడ చప్పున కళ్ళు మూసుకుంది. అయితే మార్చేసిందన్నమాట! తన ఎదుట మార్చలేక, తను చూడకుండా చేసేసింది. మంచిదే, తను చెప్పిందీ అదేగా. అనుకుందే కానీ కన్నీళ్ళు ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎలాగూ రోజూ చూడాల్సిన అంకే కదా అని గుండె చిక్కబట్టుకుని, జోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

తినేవాళ్ళు: 3.