ఫిదెన్సియో పుర్రె పద్యం

పొద్దు వాలిపోతోంది. మార్కెట్టు గోడమీద ఫిదెన్సియో పద్యం ఇంకా పడలేదు.

మిగతా అందరివీ పడ్డాయి. చనిపోయినవాళ్ళ పండుగ వచ్చిందంటే మెక్సికోలో బతికున్నవాళ్ళకి తప్పించుకునే దారి లేదు. చావమ్మ వచ్చి ఎత్తుకుపోయినట్టు ఒక్కొక్కరి మీదా నాలుగు పాదాలు కట్టి ఏడిపిస్తారు. పుర్రె పద్యాలంటారు వాటిని. ఈ ఏడు కసాయి సెనోబియోని, తూకంలో మోసం చేశావని చావమ్మ అతని తక్కెడతోనే బాదింది. మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలెలమ్మే తొమాసా దగ్గరికైతే, ఆమె నోటికి జడిసి చావమ్మ చెవుల్లో దూది పెట్టుకుని మరీ వచ్చింది.

గోడకి అటు సగం మాత్రం ఎవరికీ పట్టదు. అక్కడుండేవి ఒటీలియా టీచరు పాత పాటలు. తాతముత్తాతలు పోయినవాళ్ళ కోసం నావాత్ల్ అనే పాత భాషలో పాడుకున్నవి. అవి ఇప్పటి మనుషులకి అర్థం కావాలని ఆవిడ ఏళ్ళ తరబడి కుస్తీ పడుతోంది. రోజూ మాట్లాడుకునే మాటల్లోకి దింపి, పెద్దపెద్ద అక్షరాలతో రాసి అంటిస్తుంది. జనం వాటికి బుట్టలు ఆనించి, ఇటు తిరిగి పుర్రె పద్యాలు చదువుకుని పగలబడి నవ్వుతారు. కాగితాలు చిరుగుతాయి. ఆవిడ మళ్ళీ రాస్తుంది.

"ఏం చెయ్యమంటారు టీచరమ్మా, అవి మా బుర్రకెక్కవు," అంటుంది తొమాసా. "మీ ఆయన మీద రాస్తారు చూడండి, అదీ పద్యమంటే!"

ఇప్పుడు ఆ తొమాసా కొట్టు ముందే ఒటీలియా స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లకాగితం.

"నిన్న రాజధానికి వెళ్ళిన పని అయిందా?" తమాలెల గిన్నె మూత తీస్తూ అడిగింది తొమాసా.

"అయింది."

ఇంకేదో అడగబోయిందిగానీ, ఇద్దరు ఆడవాళ్ళు బేరానికొచ్చారు. అటు తిరిగింది.

ఇంతలో చెప్పుల కొట్టు హెర్మిలో ఓ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. ఈ మధ్యే ఈ ఊరొచ్చి కొట్టు పెట్టాడు.

"టీచరుగారూ, నిన్న బస్సులో మీ వెనక సీటే నాది. మీ ఒళ్ళో పెట్టె తీసి పైన పెడతానంటే ఇచ్చారు కాదు! అంత బంగారం ఏం కొన్నారేంటి?" అని తనే నవ్వేసి కాగితం చేతికిచ్చాడు. "ఇది చూడండి. రొట్టెల ముసలాయన మీద కట్టా. అదిరిపోయింది."

ఒటీలియా చదివి వెనక్కిచ్చింది. "బాగుంది నాయనా. కానీ ఆయన మొన్న వానల్లో పోయాడు. పోయినవాళ్ళతో మనం పరాచికాలాడం. వాళ్ళ చోటు గోడకి అటువైపు."

"అయ్యయ్యో! కొత్తవాణ్ణి, తెలీలేదు." నాలుక కరుచుకున్నాడు హెర్మిలో. "అయినా ఇంకా ఎవరిది కావాలని అందరూ ఇలా కాసుక్కూచున్నారు?"

"టీచరమ్మగారి ఆయనది!" తొమాసా గరిటె పైకెత్తి పోయినేటి పద్యం అందుకుంది. కొట్ల వరసంతా గొంతు కలిపింది.

"చావమ్మ వచ్చి సందు చివర చాలాసేపు నిలబడ్డది,
ఫిదెన్సియోకై చూసీ చూసీ కాళ్ళు పీకి కూలబడ్డది,
ఇంటికీ రాడు, నాకూ దొరకడు, ఎక్కడ చచ్చాడోనని తిట్టింది,
ఖాళీ సంచి భుజానేసుకుని తిరుగుముఖం పట్టింది!"

హెర్మిలో కడుపు పట్టుకుని నవ్వాడు. "బాబోయ్! చావునే కాయించాడా! ఇంత ఆలస్యం మనిషితో ఎలా వేగుతున్నారండీ?"

సెనోబియో పదునైన కత్తికే మళ్ళీ పదును పెట్టడం మొదలెట్టాడు.

"టార్చిలైటుకి బ్యాటరీలు తెస్తానని వెళ్ళాడు," అంది ఒటీలియా. "ఇప్పుడే వస్తానన్నాడు."

"మా మావయ్యా అంతే!" అన్నాడు హెర్మిలో.

ఏటా ఆవిడ మాటలు మారుస్తుంది, కథ అదే. చావమ్మకి ఏటా ఫిదెన్సియో దొరకడు. అందుకే ఆ పద్యమంటే మార్కెట్టుకి అంత ప్రాణం. ఆ నవ్వు వినడం కోసం ఒటీలియా ఏడాదంతా ఎదురుచూసేది. ఈ ఏడు మాత్రం ఒక్క పాదం రాలేదు. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొట్టేసింది.

చివరికి గబగబా ఏదో రాసి, జిగురు గిన్నె అందుకుని లేచింది. బేరాలు వదిలేసి అందరూ గోడ దగ్గర మూగారు. ఆవిడ పుర్రె పద్యాలు దాటుకుని ముందుకి నడిచింది. అటువైపు సగంలో కాగితం అంటించి, అరచేత్తో అదిమింది.

తొమాసా కూడబలుక్కుంటూ చదివింది.

"ఫిదెన్సియో, నీ చెప్పుల దుమ్ము ఇంకా గడపలోనే ఉంది.
నీకని తీసిన ముద్ద చల్లారిపోయింది.
ఇంక వేడి చెయ్యను."

పేరొక్కటే కొత్త. తక్కినదంతా ఇన్నేళ్ళూ వాళ్ళు బుట్టలు ఆనించిన పాటే. దానికి అర్థమేమిటని తొమాసా ఈసారి అడగలేదు. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనకనున్న హెర్మిలోకి కాగితం కనబడలేదు. మునివేళ్ళ మీద లేచి, "అదేంటి టీచరుగారూ, అటు అంటించారు? ఇవాళ కూడా రాలేదా ఏంటి మీ ఆయన?" అన్నాడు నవ్వుతూ.

"వచ్చాడు నాయనా," అంది ఒటీలియా, "పన్నెండేళ్ళకి నిన్ననే వచ్చాడు, నువ్వు పైన పెడతానన్న ఆ పెట్టెలో."