పదకొండు గంటల నాడి

మూడోసారీ సూది తప్పింది.

"ఓ నర్సమ్మా, నా చెయ్యి ఏమన్న జల్లెడ అనుకున్నవా?" పడక మీది ముసలమ్మ అరిచింది.

ప్రియదర్శిని సూది ట్రేలో పడేసింది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఏడేళ్లుగా అవలీలగా నరం దొరకబట్టిన చేయి అది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ వేసవిలో, మానుకోటలో ఒక హాస్టల్‌ను వార్డుగా మార్చి నెలన్నర అయింది. ఆ నెలన్నరలో పదకొండు మందికి కళ్లు మూసింది కూడా ఆ చేయే.

నేరుగా వెళ్లి హెడ్ నర్సు మనోరమకు రాజీనామా కాగితం ఇచ్చేసింది.

"భయమైతుంది అక్కా. నా చేతులతోటే ఎవరినన్న చంపుతనేమో అనిపిస్తుంది. నిద్ర లేదు. గుండె దడ ఆగుతలేదు."

"సోమవారం దాక ఆగు. అప్పటికి గూడ గిట్లనే ఉంటే నేనే సంతకం పెట్టిస్త," అని మనోరమ ఆ కాగితాన్ని సొరుగులో పడేసింది.

అంతలో కిటికీ పక్క పడక నుంచి పిలుపు.

"బిడ్డా, జర ఇటు రా. నా నాడి చూడు."

పిలిచింది అమర్‌సింగ్. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. డోర్నకల్ అవతల ఏదో తండా నుంచి ముందురోజే వచ్చి చేరాడు.

"వేలుకు మిషన్ పెట్టినం కద తాతా. అండ్ల కనిపిస్తనే ఉంది."

"మిషన్ మాట నేను నమ్మ. నువ్వు కూసొని చూడు. నూరు దాక లెక్కపెట్టు."

తండా మనిషి, మిషన్ సంగతి ఏం తెలుసులే పాపం అనుకుంది ప్రియదర్శిని. జఫర్‌గఢ్‌లో పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి పిల్ల. తండాల గురించి తనకు తెలియంది లేదని ఆమె నమ్మకం.

స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దున్నుంచి కూర్చోవడం అదే మొదలు. అతని మణికట్టు పట్టుకుంది. అతను రెండో చేతిని తెచ్చి, గ్లవుజు మీదుగానే ఆమె మణికట్టు మీద వేశాడు.

"గిదెందుకు?"

"నీ చెయ్యి ఊగుతుంది బిడ్డా. పట్టు తప్పుతది."

ఆమె లెక్కపెడుతుంటే అతను గోడ గడియారం చూస్తూ పడుకున్నాడు.

"తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. అయింది."

"తప్పు. ఆగమాగం పెట్టినవ్. మల్ల మొదటి నుంచి."

ఆమెకు ఒళ్లు మండింది. లెక్కపెట్టింది తనైతే తప్పని ఈయనకెలా తెలుసు? అయినా గొడవెందుకని మళ్లీ మొదలుపెట్టింది.

ఇక రోజూ అదే వరస. సరిగ్గా పదకొండుకు పిలుపు. ఒకరోజు మూడుసార్లు లెక్కపెట్టించేవాడు, ఒకరోజు నాలుగు. మధ్యలో పలకరిస్తే ఊరుకునేవాడు కాదు.

"లెక్క మీద ఉండు బిడ్డా."

ఆరో రోజు అదే ముసలమ్మకు సూది పెట్టాల్సి వచ్చింది. మొదటిసారికే నరం దొరికింది. వేళ్లు వణకలేదు. తిట్టడానికి నోరు తెరిచిన ముసలమ్మ ఏమీ దొరక్క మూసుకుంది.

ప్రియదర్శినికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. మనోరమ దగ్గర కాగితం అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

"ఏం మందు వేసుకున్నవే?"

"ఏ మందు లేదక్కా. నేనే గట్టిగ అనుకున్న. తగ్గిపోయింది."

పదకొండుకు అమర్‌సింగ్ పిలిచాడు. ఆ రోజు ఒక్కసారికే, "మంచిగ పెట్టినవ్," అన్నాడు.

"తాతా, ఇగ చాలు. నాకు ముప్పై మంది పేషెంట్లున్నరు. నీ ఒక్కని నాడి పట్టుకొని కూసుంటే ఎట్ల? రేపటి నుంచి పిలువకు."

అతను నవ్వాడు. "పిలువ బిడ్డా. ఇగ అవసరం లేదు."

మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు ఆమె డ్యూటీకి వచ్చేసరికి పడక ఖాళీగా ఉంది. ఆక్సిజన్ పడిపోతే వరంగల్ తీసుకెళ్లారట. నాలుగు రోజులకు పోయాడని కబురొచ్చింది.

వార్డులో మిగిలిపోయిన అతని సంచి కోసం కూతురు చాందీ వచ్చింది. గేటు దగ్గర సంచి అందిస్తున్నప్పుడు ప్రియదర్శినికి ఏడుపు ఆగలేదు.

"ఆఖరి రోజు మీ బాపు మీద కోపం చేసిన అక్కా. రోజు నాడి చూడుమని పరేషాన్ చేస్తుండె. మిషన్ సంగతి తెల్వదేమో అనుకున్న."

చాందీ ఆమెను తేరిపార చూసింది.

"ఆ నర్సమ్మవు నువ్వేనా? రోజు ఫోన్ల నీ ముచ్చటే. మొదటి దినం నాడి నూట ముప్పై ఉందని మస్తు రంది పడ్డడు. డెబ్బై ఆరుకు దిగిన దినం ఎంత సంబురపడ్డడో!"

"నూట ముప్పైయా? లేదక్కా, తాత నాడి ఎన్నడు తొంభై దాటలే."

"ఆయనది కాదమ్మా," అంది చాందీ, "మా బాపు ముప్పై మూడేండ్లు రైల్వే దవాఖానల కంపౌండర్ చేసిండు, రోజు ఆయన చూసింది నీ నాడి."